ఉన్న ఒక్క కంట్లో శుక్లం వస్తే

చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడుతుంటే దెబ్బ తగిలో, రాయి కొడుతుంటే పలుకు ఎగిరిపడో ఒక కన్ను పోయినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. మిగిలిన కంటితోనే నగరిలో మగ్గం నడిపారు, శ్రీకాళహస్తిలో కలంకారీ గీశారు, పిల్లల్ని చదివించారు. యాభై దాటాక ఆ కంట్లోనూ శుక్లం మొదలైతే ‘ఉన్నదొక్కటి, అదీ పోతే ఎట్లా’ అని ఏళ్లకేళ్లు వాయిదా వేస్తారు. ఆ భయం న్యాయమైనదే. వాయిదా మాత్రం కంటికి మేలు చెయ్యదు.

శుక్లం ముదిరేకొద్దీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే వెళితే చాలామందికి చుక్కల మందుతో కన్ను మొద్దుబార్చి, చిన్న కోతతో ‘ఫేకో’ పద్ధతిలో తీసేస్తారు. బాగా ముదిరితే కోత పెద్దదవుతుంది, కంటి పక్కన ఇంజెక్షన్ కూడా కావాల్సి రావచ్చు. ఆ ఇంజెక్షన్‌తో కొన్ని గంటలు చూపుండదు, పైగా కట్టు. రెండు కళ్లున్నవాళ్లకు అది చిన్న ఇబ్బంది. మీకు ఆ రాత్రంతా చీకటే, బాత్రూమ్‌కు పోవాలన్నా ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

అందుకే తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రికి వెళ్లినా, రుయా ఆసుపత్రికి వెళ్లినా మొదటి పరీక్షలోనే చెప్పండి: ‘సార్, నాకు చూపున్నది ఈ కన్నొక్కటే. చుక్కలతో చెయ్యడానికి వీలవుతుందా? కట్టు బదులు అవతలికి కనబడే మూత పెడతారా? అనుభవమున్న డాక్టరే చేస్తారా?’ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. పోయిందనుకున్న కంటిని కూడా చూడమనండి. అందులో అడ్డంగా ఉన్నది శుక్లమే అయితే, ముందు దానికే చెయ్యొచ్చేమో డాక్టరు చెబుతారు.

ఇక మీ పని. కంట్లో పెట్టే లెన్స్ మామూలుగా దూరపు చూపుకు పెడతారు, దగ్గరికి అద్దాలు వాడాలి. కలంకారీ మనిషికి గుడ్డకూ కంటికీ మధ్య ఉండేది జానా బెత్తెడే. ఇంట్లో కూర్చుని పని చేసినట్టే చేస్తూ ఆ దూరాన్ని దారంతో కొలిపించి, దారం డాక్టరుకు చూపించండి. ‘ఎంత కనబడితే అంత చాలు’ అనేస్తే తర్వాత పనిలో మీరే అవస్థ పడతారు.

ఆపరేషన్ అయ్యాక చుక్కలు నెల, నెలన్నర వెయ్యాలి. దుమ్ము, చెమట, నీళ్లు కంట్లో పడకూడదు, బరువులెత్తకూడదు. అద్దాల నంబరు కుదురుకోడానికీ దాదాపు నెల పడుతుంది. కాబట్టి పని తక్కువుండే రోజులు చూసుకోండి. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఈఎస్ఐ కట్టేవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ పెడితే, అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. మళ్లీ పనికెక్కాక, ఉన్న కంటికి దెబ్బ తగలకుండా, సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకునే ఉండాలి, నంబరు లేకపోయినా సరే.

నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, నిన్నటికంటే చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి. ఆసుపత్రి నంబరు ఇంట్లోవాళ్ల ఫోన్లో ఆపరేషన్‌కు ముందే ఎక్కించి పెట్టండి.