మోటరు విప్పాలన్నా ఎల్‌సీ కావాలి

లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు. అతను దిగి, ఎల్‌సీ రిటర్న్ చేసేదాకా ఆ ఫీడర్‌ను ఎవరూ చార్జ్ చేయరు. అదే ఊళ్లో జిన్నింగు మిల్లులో మోటరు కాలితే మాత్రం స్టాప్ బటన్ నొక్కి, నేరుగా స్పానర్ పట్టుకుంటాం. ఐటీఐ చేసి మరిపెడ వైపు మిల్లుల్లో చేరుతున్న తమ్ముళ్లకు చెప్పేది ఇదే: మోటరు విప్పేటప్పుడు మీ ఎల్‌సీ మీరే తీసుకోవాలి.

స్టాప్ బటన్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే వదిలిస్తుంది. లోపల మూడు పాయింట్లలో ఒక్కటి కాలి అతుక్కుపోయిందనుకోండి, మోటరు తిరగదు, కానీ టర్మినళ్లకు కరెంటు వస్తూనే ఉంటుంది. అందుకే ప్యానెల్లో ఐసొలేటర్ ఆఫ్ చేసి, ఫ్యూజులు పీకి, హ్యాండిల్‌కు తాళం వేసి చెవి మీ జేబులో పెట్టుకోండి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. జనరేటర్ ఉన్న మిల్లయితే, మీరు ఆఫ్ చేసిన ఐసొలేటర్ చేంజోవర్‌కు మోటరు వైపున ఉందో లేదో చూసుకోండి.

కరెంటు పోయింది కదా అని విప్పడం ఇంకా ప్రమాదం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులకు గట్టిగా చెప్పారు. ఆటోస్టార్టర్ ఉంటే, పోయిన కరెంటు తిరిగి రాగానే బాయి దగ్గర చెయ్యి పెట్టిన మనిషిని చూడకుండానే మోటరు లేస్తుంది.

పత్తి సీజన్‌లో మిల్లు మోటరును దగ్గరగా చూడండి. రెక్కల సందుల్లో దూది నూగు పరుపులా పేరుకుని ఉంటుంది. కింద బాడీ కాలిపోతున్నా వేడి బయటికి పోదు. అక్కడ లోడు మీదున్న వైరు లాగితే లేచే ఒక్క నిప్పురవ్వ చాలు. పత్తిలో పడ్డ నిప్పు పైకి కనబడకుండా గంటల తరబడి లోపల్లోపలే రాజుకుంటుంది. కాబట్టి ముందు పత్తి వేయడం ఆపించండి. కరెంటు తీసి తాళం వేశాక ఫ్యాన్లు, రోలర్లు పూర్తిగా నిలిచి, గాలిలో నూగు దిగేదాకా ఆగండి. తర్వాత బ్రష్‌తో తుడవండి. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, కింద ఉన్న నూగంతా మేఘంలా లేస్తుంది. అప్పుడు టర్మినల్ బాక్సు మూత తీయండి.

మూత తీశాక కూడా చెయ్యి పెట్టొద్దు. టెస్ట్ ల్యాంపును ముందు ప్యానెల్ దగ్గర కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో చూసుకోండి. తర్వాత మోటరు దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య, ప్రతి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. మళ్లీ వెళ్లి కరెంటున్న చోట చూడండి. మధ్యలో ల్యాంపే పోయిందేమో అన్న అనుమానం అలాగే తీరుతుంది. మోటరుకు కెపాసిటర్ ఉంటే, మెయిన్ తీసినా అందులో చార్జ్ నిలిచి ఉంటుంది, దాన్ని ఖాళీ చేయాలి. ఆరు లీడ్లకు గుర్తులు పెట్టి విప్పండి. ఎర్త్ వైరు అన్నిటికంటే చివర తీయాలి, బిగించేటప్పుడు అదే ముందు.

మన దగ్గర్నుంచి భూపాలపల్లి సింగరేణి గనులకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. కానీ 1.25 శాతం దాటితే చాలు, అక్కడ కరెంటు తీసేయాలి. అక్కడి ఫ్లేమ్‌ప్రూఫ్ మోటరు లోపల పేలినా, అంచుల మధ్య సన్నని సందులో మంట చల్లారి బయటికి రాదు. ఆ అంచును ఎమరీ పేపరుతో రుద్దినా, రంగు పూసినా, ఒక్క బోల్టు బిగించకపోయినా ఆ రక్షణ పోయినట్టే. ఖాళీ కేబుల్ రంధ్రంలో గుడ్డ కుక్కడం కూడా అంతే. లీడ్ల ఫొటో కోసం మామూలు ఫోన్ అక్కడ తీయొద్దు. నేమ్‌ప్లేటు చదవండి: గనులకు గ్రూపు 1, పెట్రోలు, గ్యాసు ఉన్న చోట గ్రూపు 2, దుమ్ముకు గ్రూపు 3, అందులో పత్తి నూగు లాంటి వాటికి 3ఏ. ఒక చోటి మోటరు ఇంకోచోట పెట్టేముందు అది చూసుకోవాలి.

షిఫ్టు దిగి ఇంటికెళ్లినవాడి తాళం ప్యానెల్ మీద కనబడితే సుత్తి ఎత్తకండి. యజమాని తొందరపెట్టినా సరే, ఫోన్ చేసి అతన్నే పిలిపించండి. అతను వచ్చి తన చేత్తో తీసేదాకా ఆ జిన్ను ఆగే ఉండాలి.