ఉప్పందించడమా, గుట్టు రట్టు చేయడమా? ఇన్సేన్ కేసు, 1923 చట్టం

ముందు కేసు

భోజనానికి పిలిచింది పోలీసులు. వెళ్ళింది రాయిటర్స్ విలేకరులు వా లోన్, క్యా సో ఊ. 2017 డిసెంబర్ 12 సాయంత్రం, మయన్మార్‌లోని యాంగాన్ ఉత్తర భాగంలో ఒక రెస్టారెంటు. ఆ పోలీసులతో వాళ్ళకు అంతకుముందు ముఖపరిచయం లేదు. మాటలయ్యాక పోలీసులు చుట్టచుట్టిన కాగితాలు కొన్ని వాళ్ళ చేతిలో పెట్టారు. బయటికి వచ్చారో లేదో పట్టుకున్నారు. ఆ కాగితాలు విప్పి చూసే వ్యవధి కూడా చిక్కలేదని విలేకరులు చెప్పారు. పోలీసుల కథ వేరు: రోడ్డు మీద తనిఖీలో ఆపితే రహస్య పత్రాలు దొరికాయట.

విచారణ యాంగాన్ ఉత్తర జిల్లా కోర్టులో జరిగింది. ఆ కోర్టు ఉన్నది ఇన్సేన్‌లో. ఆ పేరు వినగానే బర్మా జనానికి ముందు జైలే గుర్తొస్తుంది. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్ళు కట్టింది, బండిచక్రం ఆకుల్లా నడిమి నుంచి నలుదిక్కులకూ బారకులు సాగే కట్టడం. రాజకీయ ఖైదీలను తరతరాలుగా అక్కడే పెడుతున్నారు.

బోనులో ప్రాసిక్యూషన్ సాక్షుల తీరు చూడండి. అరెస్టు ఫలానా చోట జరిగిందని చెప్పాల్సిన ఒకాయన ఆ చోటు పేరును అరచేతిలో రాసుకొచ్చాడు. అరెస్టు నాటి నోట్సు కాల్చేశానని ఒక పోలీసు అధికారి చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. పత్రాల్లో ఉన్న సంగతి అప్పటికే పత్రికల్లో వచ్చిందని మరో పోలీసు ఒప్పుకున్నాడు. ఇన్ని జరిగినా 2018 సెప్టెంబర్ 3న ఇద్దరికీ చెరి ఏడేళ్ళ శిక్ష పడింది. చట్టంలో గరిష్ఠం 14 ఏళ్ళు. 2019 జనవరిలో హైకోర్టు, ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు అప్పీళ్ళు కొట్టేశాయి. సుప్రీంకోర్టు కాదన్న ఆ ఏప్రిల్‌లోనే వాళ్ళ రిపోర్టింగుకు పులిట్జర్ బహుమతి వచ్చింది. చివరికి 2019 మే 7న అధ్యక్షుడి క్షమాభిక్షతో, 6,520 మంది ఖైదీలతో పాటు విడుదలయ్యారు. అప్పటికి 500 రోజులు దాటాయి.

ఇందులో వలస సంగతి ఎక్కడుంది?

మాక్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే చాలామంది ఈ కేసును ‘పత్రికా స్వేచ్ఛ’ గదిలో పెట్టేసి తాళం వేయడం చూస్తుంటాను. అది సగమే.

2017 సెప్టెంబర్ 2న రఖైన్ రాష్ట్రంలోని ఇన్ దిన్ గ్రామంలో పది మంది రోహింగ్యా పురుషులను, కుర్రాళ్ళను చంపి ఒకే గోతిలో పూడ్చారు. చంపినవాళ్ళలో సైనికులూ ఉన్నారు, పొరుగు గ్రామస్తులూ ఉన్నారు. విలేకరులు తవ్వుతున్నది ఈ సంగతినే. వాళ్ళను అరెస్టు చేసి నెల తిరక్కుండానే, 2018 జనవరి 10న, చంపడం నిజమేనని సైన్యం ఒప్పుకుంది. ఏడుగురు సైనికులకు పదేళ్ళ శిక్ష వేసి, ఏడాదైనా నిండకుండా వదిలేసింది. చంపినవాళ్ళ కంటే, చంపారని బయటపెట్టబోయినవాళ్ళే ఎక్కువ కాలం జైల్లో ఉన్నారు.

ఇక మయన్మార్ ప్రభుత్వం దృష్టిలో రోహింగ్యాలు ఎవరు? ‘బెంగాలీలు’, అంటే సరిహద్దు దాటి వచ్చిన అక్రమ వలసదారులు. 1978లో ‘నాగమిన్’ పేరుతో సాగిన ఆపరేషన్ పైకి చెప్పుకున్న పని పౌరులెవరో విదేశీయులెవరో తేల్చడం. కాగితాలు అడిగే పనిగా మొదలై, 2 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోవడంతో ముగిసింది. తర్వాత 1982 పౌరసత్వ చట్టం వచ్చింది. 2017 ఆగస్టు 25న ‘ఆర్సా’ అనే రోహింగ్యా సాయుధ సంస్థ పోలీసు పోస్టుల మీద దాడి చేశాక సైన్యం ‘క్లియరెన్స్ ఆపరేషన్’ చేపట్టింది. ఈసారి 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. అంటే ప్రభుత్వం ‘భద్రతా దళాల కదలికల రహస్యం’ అని కాపాడుకున్నది, దాని మాటల్లోనే చెప్పాలంటే, విదేశీయులను ఏరివేసే ఆపరేషన్ల తాలూకు రహస్యం.

1982 చట్టంలోని ఒక ఏడాదిని మాత్రం మనవాళ్ళు గట్టిగా పట్టుకోవాలి: 1823. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధానికి ముందటేడు. అప్పటికే అక్కడ స్థిరపడి ఉన్న జాతులే ‘జాతీయ జాతులు’. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమరెక్కి మనవాళ్ళు ‘రంగం’ (రంగూన్, ఇప్పటి యాంగాన్) వెళ్ళింది ఆ తర్వాత చాలా కాలానికి. రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీలను బర్మాలో ‘కోరంగీలు’ అన్నారు, మన కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో ఆ రేవు కూలీ పని దగ్గరే తెలుగు, బర్మా కూలీల మధ్య గొడవ రేగి నగరమంతా అల్లరైంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అయినా 1823 గీత దగ్గర తెలుగువాడూ రోహింగ్యా ఉన్న వైపే నిలబడతాడు, పౌరసత్వాన్ని కాగితాలతో రుజువు చేసుకోవాల్సిన వైపు. రఖైన్ సంగతి మనకెందుకు అనే అభ్యర్థికి నేనిచ్చే జవాబు ఇదే. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యా శరణార్థులు కాపురాలుంటున్న సంగతి సరేసరి. చట్టప్రకారమైన పద్ధతి పాటించకుండా రోహింగ్యాలను వెనక్కి పంపకూడదని మన సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న సలీముల్లా కేసులో చెప్పింది. పద్ధతి పాటిస్తే పంపవచ్చు. ఆ తీర్పులో జనం మరిచిపోయే సగం అది.

మనదీ వాళ్ళదీ ఒకే చట్టం

వా లోన్ మీద పెట్టిన సెక్షన్ అధికార రహస్యాల చట్టం, 1923లోని 3(1)(సి). పేరూ ఏడాదీ ఎక్కడో చదివినట్టుందా? మన చట్టమే అది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. విడిపోయేటప్పుడు చట్టాలు వాళ్ళ వెంట వెళ్ళాయి. రెండు దేశాలూ స్వతంత్రమై ఇన్నేళ్ళయినా రెండింటిలోనూ అది బతికే ఉంది.

మన దగ్గర సెక్షన్ 3 గూఢచర్యం గురించి. రక్షణ వ్యవహారాలైతే 14 ఏళ్ళు, మిగతావాటికి 3 ఏళ్ళు. సెక్షన్ 5 సమాచారం బయటికి చేరవేయడం గురించి. ఇచ్చినవాడే కాదు, రహస్యమని తెలిసి తీసుకున్నవాడూ దోషే. సెక్షన్ 14 ప్రకారం విచారణ నుంచి జనాన్ని బయటికి పంపవచ్చు. ‘రహస్యం’ అంటే ఏమిటో మాత్రం చట్టం నిర్వచించలేదు. పై అధికారి ముద్ర కొడితే రహస్యం, అంతే.

ఇన్సేన్ కేసుకు మన దగ్గర అన్నదమ్ముల పోలిక ఉన్న కేసు ఇఫ్తికార్ గిలానీది. 2002 జూన్‌లో ఢిల్లీలో అరెస్టయ్యాడు. ఆయన కంప్యూటర్లో దొరికిన ‘రహస్యం’ పాకిస్తాన్‌లో ఒక సంస్థ అచ్చువేసి అందరికీ అందుబాటులో ఉంచిన పత్రం. ఈ సంగతి సైనిక నిఘా విభాగం చెబితే గానీ కేసు ఎత్తేయలేదు. 2003 జనవరిలో బయటికొచ్చాడు. అచ్చయిన సంగతి రహస్యమెలా అవుతుందన్న ప్రశ్న ఢిల్లీలో ఏడు నెలలకైనా నెగ్గింది. ఇన్సేన్‌లో నెగ్గలేదు.

2006లో రెండో పరిపాలనా సంస్కరణల సంఘం తన మొదటి నివేదికలో ఈ చట్టాన్ని రద్దు చేసి, అవసరమైన అంశాలను జాతీయ భద్రతా చట్టంలో కలపమంది. ప్రభుత్వం ఆ మాట వినలేదు. రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో ‘దొంగిలించిన పత్రాలు’ చూడొద్దని ప్రభుత్వం అడిగితే 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఈ తీర్పును సమాచార హక్కు చట్టం సెక్షన్ 22తో కలిపి చదవండి. రెండు చట్టాలకూ పొసగకపోతే చెల్లేది 2005 చట్టమే.

ముందు లీకు, తర్వాత లీకు

తెలుగులో లీకుకు రెండు మాటలున్నాయి. ఉప్పందించడం ఒకటి, గుట్టు రట్టు చేయడం ఇంకొకటి. దాడికి వస్తున్నారని దొంగకు ముందే కబురంపితే ఉప్పందించినట్టు. దాడిలో జరిగిన దారుణం లోకానికి చెబితే గుట్టు రట్టు చేసినట్టు. ఒకటి దాడికి ముందు, ఇంకొకటి తర్వాత. ఆపరేషన్ దెబ్బతినేది ముందటి లీకు వల్ల. తర్వాతి లీకు వల్ల దెబ్బతినేది ఆపరేషన్ చేసినవాళ్ళ పరువు. 1923 చట్టానికి ఈ తేడా తెలియదు. మెయిన్స్‌లో మీరు పట్టుకోవాల్సిన దారం ఇదే.

ముందు లీకుకు ఈ మధ్య కాలపు మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. 2018 ఫిబ్రవరి 24న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగర మేయర్ లిబ్బీ షాఫ్, 24 గంటల్లోపే వలస అధికారుల దాడులు జరగొచ్చని జనాన్ని బహిరంగంగా హెచ్చరించారు. దాడులు జరిగాయి, 200 మందికి పైగా దొరికారు. ఆమె వల్ల దాదాపు 800 మంది తప్పించుకున్నారని వలస విభాగం ఐస్ అధిపతి అన్నారు. ఆ అంకె జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందంటూ శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే విభాగపు అధికార ప్రతినిధి రాజీనామా చేశాడు. లీకు వల్ల జరిగిన నష్టం ఎంతని ప్రభుత్వం చెప్పే లెక్కను కళ్ళకద్దుకోకూడదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. మేయర్ మీద కేసు పెట్టలేదు. అమెరికాకు మనలాంటి అధికార రహస్యాల చట్టం లేదు. ఉన్నది 1917 గూఢచర్య చట్టం, అదీ రక్షణ సమాచారం గురించి. రేపు ఫలానా వీధిలో దాడి అన్న కబురు దాని కిందికి తేలిగ్గా రాదు.

మన చట్టంలో ఈ గీత నిజంగా ఎక్కడుందో తెలుసా? 1923లో లేదు, 2005లో ఉంది. సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్): దర్యాప్తుకు, నేరస్తులను పట్టుకోవడానికి, ప్రాసిక్యూషన్‌కు అడ్డొచ్చే సమాచారం ఇవ్వనక్కర్లేదు. 8(1)(జి): ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చేది, చట్టం అమలుకు రహస్యంగా సాయపడినవాళ్ళ ఆచూకీ చెప్పేది ఇవ్వనక్కర్లేదు. 8(2): నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే, అధికార రహస్యాల చట్టం ఉన్నా సరే, ఇవ్వవచ్చు. సెక్షన్ 24 నిఘా సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయిస్తూనే, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తలుపు తెరిచి ఉంచింది. ఇన్ దిన్‌లో జరిగినది మన సెక్షన్ 24 తలుపు దగ్గర నిలబడితే లోపలికి వస్తుంది.

నిఘా సంస్థల మాట వలసకు ఎందుకు తగులుతుందంటే, మన వలస వ్యవహారాలు చూసే బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ ఇంటెలిజెన్స్ బ్యూరో కింద నడుస్తుంది. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు పాత చట్టాలను రద్దు చేసింది. ఈ నాలుగు ఏళ్ళను జతపరచండి తరహా ప్రశ్నకు దాచుకోండి.

ప్రభుత్వమే ఎర వేస్తే

ఇన్సేన్ కేసులో లీకు చేసింది ఎవరు? 2018 ఏప్రిల్ 20న పోలీసు కెప్టెన్ మో యాన్ నాయింగ్ కోర్టుకు వచ్చాడు, ప్రాసిక్యూషన్ సాక్షిగానే. వచ్చి, విలేకరులకు పత్రాలిచ్చి పట్టుకోమని బ్రిగేడియర్ జనరల్ టిన్ కో కో ఆదేశించారని చెప్పేశాడు. ఆ తర్వాత పోలీసు క్రమశిక్షణ చట్టం కింద అతనికి ఏడాది జైలు పడింది. కుటుంబాన్ని పోలీసు క్వార్టర్స్ ఖాళీ చేయించారు.

ఎర వేయడం మనవాళ్ళకు ఇంకో దిక్కు నుంచి తెలుసు. అమెరికాలోని మిషిగన్‌లో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అని ఒకటుండేది. క్లాసులు లేవు, లెక్చరర్లు లేరు. నడిపింది వలస విభాగపు అండర్‌కవర్ ఏజెంట్లు. 2019 జనవరిలో గుట్టు వాళ్ళే విప్పారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిని నేర విచారణకు, వందకు పైగా విద్యార్థులను వలస చట్టం కింద అరెస్టు చేశారు. వాళ్ళలో దాదాపు అందరూ భారతీయులు, అందులో తెలుగువాళ్ళే ఎక్కువ. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. గుర్తింపు పొందిన కాలేజీల జాబితాలో పేరు చూసి చేరామని విద్యార్థులు అన్నారు. రెండింటిలోనూ కొంత నిజముందని నాకు అనిపిస్తుంది. కానీ ఆ జాబితాలో పేరు పెట్టించింది ఎవరన్న ప్రశ్న పక్కకు పోకూడదు. అక్కడ ఏళ్ళ తరబడి ఒక్క లీకూ లేదు. ఎవరైనా ముందే ఉప్పందించి ఉంటే ఎన్ని ఇళ్ళకు అప్పులు తప్పేవో అనుకోకుండా ఉండలేను.

కెప్టెన్ గురించి రాసేటప్పుడు మన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం, 2014ను గుర్తుచేయండి. రాష్ట్రపతి ఆమోదం 2014 మేలోనే వచ్చింది. అమలు తేదీని మాత్రం ప్రకటించలేదు. ‘చట్టం ఉంది కాబట్టి రక్షణ ఉంది’ అని రాస్తే మార్కులు పోతాయి.

సూచీ రెండు వైపులా

తీర్పు వచ్చిన పది రోజులకు, 2018 సెప్టెంబర్ 13న, హనోయ్ సదస్సులో అప్పటి మయన్మార్ ప్రభుత్వ సారథి ఆంగ్ సాన్ సూచీ ఆ శిక్షను సమర్థించారు. వాళ్ళు విలేకరులైనందుకు కాదు, రహస్యాల చట్టాన్ని మీరినందుకు శిక్ష పడిందన్నారు. 2009లో ఆమె మీదా ఇన్సేన్ జైల్లోనే విచారణ నడిచింది. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత, 2022 సెప్టెంబర్‌లో, ఆమెకూ ఆమె ఆర్థిక సలహాదారు, ఆస్ట్రేలియా ఆచార్యుడు షాన్ టర్నెల్‌కూ అదే చట్టం కింద మూడేసి ఏళ్ళు వేశారు. టర్నెల్ నవంబర్‌లో విడుదలయ్యాడు.

మెయిన్స్‌లో ఇలా అడగొచ్చు

“ప్రభుత్వ ఆపరేషన్ల గోప్యత, పౌరుల తెలుసుకునే హక్కు మధ్య గీత ఎక్కడ గీయాలి? అధికార రహస్యాల చట్టం, 1923 నేపథ్యంలో చర్చించండి.” జవాబును నిర్వచనంతో మొదలుపెట్టొద్దు, ఇన్సేన్ రెస్టారెంటు అని అసలే రాయొద్దు. ఇన్సేన్‌లో ఉన్నది కోర్టు, జైలు. ఇంకో జారుడు మెట్టు తేదీలది: సెప్టెంబర్ 2 (2017) హత్యలు, సెప్టెంబర్ 3 (2018) తీర్పు. ఈ రెంటినీ ఒకే ఏడాదిలో వేసిన పేపర్లు మొన్న నా చేతికి ఆరు వచ్చాయి.