ఆటగాండ్రకు ధనము ఎచ్చటనుండి వచ్చును?

2024 నవంబరు నెలలో సౌదీ అరేబియా దేశమందలి జెడ్డా నగరమున ఒక వేలము జరిగినది. అందు రిషభ్ పంత్ అను క్రికెట్ ఆటగానిని లక్నో జట్టువారు 27 కోట్ల రూపాయలకు పాడుకొనిరి. ఆ వార్త ఆ రాత్రియే మన రచ్చబండలకు చేరినది. రెండు నెలల ఆటకు ఒక మనిషికి ఇంత ధనమా యని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. మా పిల్లవాడును బంతి బాగుగనే వేయును గదా యని మరికొందరు మనసులో లెక్కలు కట్టిరి. ఈ రెండవ తరగతివారు ఎకరము పొలము అమ్మి పిల్లవానిని పట్టణమునకు పంపవచ్చునా యని సలహా అడుగుటకు ముందుగ వచ్చునది పంచాయితీ సభ్యుల యొద్దకే. కావున ఈ ధనము ఎచ్చట పుట్టుచున్నదో, ఎవరి చేతులమీదుగ ఆటగానికి చేరుచున్నదో, ఎందరికి చేరుచున్నదో ఈ పాఠమున వివరింప దలచితిమి.

సభ్యులకు ఈ విషయము బోధపరచుట సులభము. సంతలో ఆశీలు వసూలుచేయు హక్కును పంచాయితీ ఏటేట వేలము వేయును గదా. పాడుకొన్నవాడు మొత్తమును పంచాయితీకి చెల్లించి, పిమ్మట బండికింత, గంపకింత, పశువుకింత అని తాను వసూలుచేసికొనును. సంతకు జనము ఎంత ఎక్కువగ వచ్చినచో పాట అంత పెరుగును. క్రికెట్ బోర్డు చేయునదియు ఇదియే. ఆటను టెలివిజనులోను, సెల్‌ఫోనులలోను చూపు హక్కును బోర్డు వేలము వేయును. ఐ.పి.ఎల్. ఆటలను 2023 మొదలు 2027 వరకు అయిదేండ్లు చూపు హక్కు 2022 జూన్ నెలలో మొత్తము 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. పాడుకొన్న సంస్థలు సబ్బులు, సిమెంటు, శీతల పానీయములు అమ్మువారినుండి ప్రకటనల రుసుము రాబట్టుకొనును. ఆ సబ్బును కొనువారము మనమే. కనుక పంత్‌గారి 27 కోట్లలో మన ఊరి అంగడిలో పడిన పైసలును కొన్ని కలవు.

హక్కుల సొమ్ములో సుమారు సగము పది జట్ల యజమానులకు పంపిణీ యగును. యజమానులు అందులోనుండి ఆటగాండ్రకు ఇత్తురు. అయితే ఎంత ఇత్తురు? 2025 ఆటల కొరకు ఒక్కొక్క జట్టు ఆటగాండ్రను సమకూర్చుకొనుటకు 120 కోట్లు మించరాదని హద్దు పెట్టిరి. పది జట్లకు 1,200 కోట్లు. హక్కుల సొమ్మును అయిదేండ్లకు భాగించినచో ఏటికి 9,678 కోట్లు వచ్చును. మ్యాచికింత యని ఇచ్చు అదనపు రుసుమును కలిపి చూచినను ఆటగాండ్ర భాగము అయిదవ వంతుకు చేరదు. వేలములోని అంకె చూచి అబ్బురపడువారు ఈ భాగహారమును కూడ చేసి చూచుట మంచిదని మా అభిప్రాయము.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడువారి సంగతి వేరు. అచ్చట ఆటవలన వచ్చు రాబడిలో సుమారు సగము ఆటగాండ్రదేయని వ్రాతపూర్వకమైన ఒప్పందము కలదు. ఆ ఒప్పందము యజమానుల దయవలన వచ్చినది కాదు. ఆటగాండ్రకు సంఘము ఉన్నది. ఆ సంఘము కొన్ని ఏండ్లకొకసారి యజమానులతో కూర్చుండి బేరమాడును. బేరము కుదరనిచో ఆటయే నిలిచిపోవును. భారతదేశమున ప్రస్తుతము ఆడుచున్న క్రికెట్ ఆటగాండ్ర పక్షమున బోర్డుతో అట్లు బేరమాడు సంఘము లేదు.

సంఘబలముచేత ఆటగాండ్ర స్థితి మారిన విధము తెలియవలెనన్న అమెరికా బేస్‌బాల్ చరిత్రను చూడవలెను. పూర్వము ఆ ఆటలో ఒకమారు ఒక జట్టుకు సంతకము చేసినవాడు ఆ జట్టు విడిచి పెట్టువరకు మరియొక జట్టుకు ఆడరాదు. అప్పు తీరలేదని పాలేరును ఒకే కామందు ఏండ్ల తరబడి కట్టివేసికొన్నట్లు యజమానులు ఆటగాండ్రను కట్టివేసికొనెడివారు. తమకు వలదన్నప్పుడు మాత్రము వానిని అడుగకయే మరియొకరికి మార్చివేసెడివారు. 1969లో సెయింట్ లూయీ జట్టువారు 12 ఏండ్లు తమకు ఆడిన కర్ట్ ఫ్లడ్ అను ఆటగానిని ఫిలడెల్ఫియా జట్టుకు మార్చిరి. అతడు పోనని నిరాకరించి, న్యాయస్థానమునకు ఎక్కెను. 1970లో ఆట మానుకొని ఏడాది జీతము వదలుకొనెను. 1972లో సుప్రీంకోర్టు 5–3 తీర్పుతో అతనికి వ్యతిరేకముగ నిర్ణయించెను. ఫ్లడ్ ఓడెను; అతని ఆటజీవితమును ముగిసెను. కాని ఆటగాండ్ర సంఘము పట్టు విడువలేదు. 1975లో ఇద్దరు ఆటగాండ్రు ఒప్పందముమీద సంతకము చేయకయే ఆడిరి. ఆ సంవత్సరాంతమున మధ్యవర్తి వారు స్వతంత్రులని తీర్పు చెప్పెను. 1976లో సుమారు 51 వేల డాలర్లుగ నున్న సగటు జీతము 1980 నాటికి 1 లక్ష 43 వేల డాలర్లు దాటెను. ఆడు ఆట మారలేదు. మారినది బేరమాడు హక్కు మాత్రమే. ఇంగ్లండులోను 1961 వరకు ఫుట్‌బాల్ ఆటగానికి వారమునకు 20 పౌండ్లకు మించి ఇయ్యరాదను నియమము ఉండెడిది. ఆటగాండ్ర సంఘము సమ్మెకు సిద్ధపడిన పిమ్మట ఆ నియమమును రద్దుచేసిరి. వెనువెంటనే జానీ హేన్స్ అను ఆటగాడు వారమునకు 100 పౌండ్లు పొందెను.

మన దేశమున ఈ ధనప్రవాహము మిక్కిలి ఆలస్యముగ వచ్చినది. 1983లో ప్రపంచకప్పు గెలిచి తెచ్చిన జట్టుకు బహుమానము ఇచ్చుటకు బోర్డువద్ద సొమ్ము చాలకపోయెను. అప్పుడు లతా మంగేష్కర్‌గారు ఢిల్లీలో ఉచితముగ పాటకచేరి చేయగా, వచ్చిన వసూళ్ళనుండి ఒక్కొక్క ఆటగానికి లక్ష రూపాయలు ఇచ్చిరి. ఆ లక్షకును 2024 నాటి 27 కోట్లకును నడుమ జరిగినది టెలివిజను రాకయే.

ఇంతవరకు చెప్పినది జట్టుగ ఆడు ఆటల సంగతి. టెన్నిస్, బ్యాడ్మింటన్, గోల్ఫ్ వంటి ఆటలలో జీతమిచ్చు యజమాని లేడు. గెలిచిన బహుమతి ధనము వచ్చును. తొలిదశలోనే ఓడినచో చేతికి వచ్చునది తక్కువ. శిక్షకుని జీతము, విమానపు చార్జీ, బస ఖర్చు అన్నియు ఆటగాడే భరింపవలెను. స్వంత పెట్టుబడితో సేద్యము చేయు కౌలురైతువంటివాడు ఇతడు. టెన్నిస్‌లో ప్రపంచమున మొదటి నూరుమందికి దిగువనున్నవారికి ఖర్చులు పోను మిగులుట కష్టము. అగ్రస్థానమున ఉన్నవారికి కోట్లు వచ్చుచుండగ, నూటయేబదవవాడు శిక్షకుని వెంట తీసికొనిపోవుటకు తడుముకొనవలసి యుండును.

టెన్నిస్ విషయమున స్త్రీల పోరాటమును చెప్పకుండ సాగుట న్యాయము కాదు. 1968లో వింబుల్డన్ పోటీ గెలిచిన రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు ఇచ్చిరి. అదే పోటీలో స్త్రీల విభాగము గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌండ్లు ఇచ్చిరి. 1970లో ఆమెయు, మరి ఎనిమిదిమంది స్త్రీలును ఒక్కొక్క డాలరు నామమాత్రపు ఒప్పందముమీద సంతకముచేసి వేరుగ పోటీలు మొదలిడిరి. 1973లో అమెరికా పోటీలో స్త్రీ పురుషులకు సమానముగ బహుమతి ఇచ్చిరి. వింబుల్డన్ వారు ఆ నిర్ణయమునకు వచ్చుటకు 2007 వరకు పట్టినది. మన క్రికెట్ బోర్డు 2022 అక్టోబరులో స్త్రీ పురుషుల మ్యాచి రుసుములను సమము చేసినది: టెస్టు మ్యాచికి 15 లక్షలు, ఒకరోజు మ్యాచికి 6 లక్షలు, ఇరువది ఓవర్ల మ్యాచికి 3 లక్షలు. అయితే స్త్రీలకు టెస్టు మ్యాచిలు బహు అరుదుగ జరుగును గనుక సంవత్సరాంతమున చేతికి వచ్చునది సమానము కాదు.

ఇక మూడవ మార్గము, మిక్కిలి పెద్దది: ఆటగాని పేరును, రూపమును అమ్ముట. మైఖేల్ జోర్డాన్ అను బాస్కెట్‌బాల్ వీరుడు 15 ఏండ్లు ఆడి సంపాదించిన జీతము మొత్తము సుమారు 9 కోట్ల 40 లక్షల డాలర్లు. 1984లో ఆయన నైకీ అను బూట్ల కంపెనీతో ఒప్పందము చేసికొనెను. ఆ బూట్లు ఆయన పేరున అమ్ముడుపోవుచుండగ, అమ్మకములో భాగము ఆయనకు చేరుచుండును. 2003లో ఆట మానినను ఆ రాబడి ఆగలేదు. జీతమునకు అది ఎన్నో రెట్లయినది. మన పి.వి. సింధుగారి సంగతియు అట్టిదే. ఫోర్బ్స్ పత్రిక 2018లో వేసిన లెక్క ప్రకారము ఆమె సంవత్సరపు రాబడి 85 లక్షల డాలర్లు. అందు ఆటలో గెలుచుకొన్న బహుమతి ధనము 5 లక్షలు మాత్రమే. తక్కినది ప్రకటనలవలన వచ్చినది. ఆమెకు శిక్షణనిచ్చిన పుల్లెల గోపీచంద్‌గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచి వచ్చినప్పుడు శీతల పానీయపు ప్రకటనకు పిలుపు రాగా వలదనిరి. ఆరోగ్యమునకు మేలుచేయని వస్తువును పిల్లలకు చూపి అమ్మించుట తనకు సమ్మతము కాదనుట ఆయన కారణము. అంత సొమ్మును కాదనుటకు గుండెదిటవు కావలెను.

ప్రకటనల సొమ్ము బలముగ నున్నవారు జీతము విషయమున నిదానింపగలరు. జపాను దేశస్థుడైన షోహెయి ఓతాని అను బేస్‌బాల్ ఆటగాడు 2023 డిసెంబరులో లాస్ ఏంజెలిస్ జట్టుతో పదేండ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. కాని ఆ పదేండ్లు ఏటికి 20 లక్షల డాలర్లు మాత్రమే తీసికొని, మిగిలిన 68 కోట్లను 2034 మొదలు 2043 వరకు వడ్డీలేకుండ పుచ్చుకొనుటకు అంగీకరించెను. అందువలన మంచి ఆటగాండ్రను మరికొందరిని తెచ్చుకొనుటకు జట్టువారికి చేతిలో సొమ్ము మిగులును.

మన పల్లెలకు మిక్కిలి దగ్గర ఆట కబడ్డీ. మట్టినేలమీద గీత గీసి, కాసు ఖర్చులేకుండ ఆడు ఈ ఆటకు 2014లో వృత్తి పోటీలు ప్రారంభమైనవి. ఆ మొదటి వేలములో అందరికంటె ఎక్కువ ధర పలికిన రాకేశ్ కుమార్‌కు 12 లక్షల 80 వేలు వచ్చెను. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ జట్టువారు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకొనిరి. తొమ్మిదేండ్లలో ఇరువది రెట్లు. అయితే అంతకు ముందటి ఏడు జరిగినదికూడ చెప్పవలెను. 2022లో ఇతడే తమిళ జట్టుకు 2 కోట్ల 26 లక్షలకు పైగా ధర పలికి, మొదటి మ్యాచిలోనే మోకాలు దెబ్బతిని, ఆ సంవత్సరపు ఆటలన్నిటికి దూరమయ్యెను. పవన్ అగ్రశ్రేణి ఆటగాడు గనుక మరల వేలములో నిలిచెను. పేరులేని పిల్లవాని మోకాలు విరిగినచో వానిని మరుసటి ఏడు పిలుచువారు ఎవరు?

ఈ ప్రశ్న దగ్గరనే తల్లిదండ్రులు ఆగి ఆలోచింపవలెను. హైదరాబాదులో ఆటో నడుపువాని కుమారుడైన మొహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలములో 20 లక్షల ప్రారంభ ధరనుండి 2 కోట్ల 60 లక్షలకు పాడుకొనిరి. ఇది నిజము, సంతోషింపదగినది. ఆ వేలములో పేరు నమోదుచేసికొని ఎవరును పాడనివారు వందలసంఖ్యలో ఉందురు. వారి కథ పత్రికలలో రాదు. రాష్ట్ర జట్టులో ఆడువారికి రంజీ మ్యాచికి, 2021లో నిర్ణయించిన ప్రకారము, అనుభవమునుబట్టి రోజుకు 40 వేలు మొదలు 60 వేలవరకు వచ్చును. అదియు తుది పదునొకండుగురిలో చోటు దొరికిన దినములకే. క్రికెట్ కాని ఆటలు ఆడువారిలో ఎక్కువమందికి అన్నము పెట్టునది రైల్వేలు, పోలీసు శాఖ మొదలగువాటిలో ఆటవలన లభించు ఉద్యోగమే. కోట్ల కథలకన్న ఈ ఉద్యోగముల సంగతి తల్లిదండ్రులకు ముందుగ చెప్పదగినది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలువగా, తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయలతోపాటు గ్రూప్-2 ఉద్యోగమును, వరంగల్‌లో ఇంటిస్థలమును ప్రకటించెను. కోటి ఖర్చయిపోవచ్చును, ఉద్యోగము నెలనెల నిలుచును.

వృత్తి ఆటకు దళారులు కూడ ఉందురు. యార్డులో కమీషను వ్యాపారివలె ఆటగాని పక్షమున బేరమాడి భాగము తీసికొందురు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో జీతముమీద ఆ భాగము 4 శాతము మించరాదని సంఘమే హద్దు పెట్టినది. నిజమైన దళారి ఆటగానికి వచ్చిన సొమ్ములోనుండి తీసికొనును, ముందుగ అడుగడు. జట్టులో చోటు ఇప్పించెదమని, ఎంపిక చేయించెదమని ముందుగ లక్షలు అడుగువాడు దళారికాడు, మోసగాడు. ఏ నిజమైన జట్టును చోటును ఆటగానికి అమ్మదు. అట్టివాడు గ్రామమునకు వచ్చినట్లు తెలిసిన సభ్యులు ఆ తల్లిదండ్రులను సొమ్ము ఇయ్యకముందే పోలీసు ఠాణాకు తీసికొనిపోవలెను.

నిజమైన ఒప్పందమే వచ్చినప్పుడు కూడ సంతకమునకు ముందు అయిదు సంగతులు అడిగి తెలిసికొనవలెను: ఎన్నేండ్లు కట్టుబడి యుండవలెను, దెబ్బతగిలి ఆడలేనిచో సొమ్ము ఇత్తురా, వైద్యము ఎవరు చేయింతురు, దళారి భాగమెంత, పిల్లవాని పేరును, బొమ్మను ప్రకటనలలో వాడుకొను హక్కు ఎవరిది. ఆ కాగితము సాధారణముగ ఇంగ్లీషులో ఉండును. కార్యదర్శిగారైనను, పాఠశాల ఉపాధ్యాయులైనను దానిని తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించి, ఒక నకలు వారివద్ద ఉంచవలెను. పిల్లవానికి 18 ఏండ్లు నిండనిచో సంతకము చేయవలసినవారు తల్లిదండ్రులే గనుక, ఆ నాటికి వారికి ఆ కాగితములోని ప్రతి షరతు తెలిసియుండవలెను.