విమానాల మోత - నిద్రాభంగము - వాతప్రకోపము

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని శరీరమునకు ఉపస్తంభములని చరకాచార్యులు చెప్పినారు. వీనిలో నిద్రను చెడగొట్టు కారణములు నేడు పెక్కు గలవు. అందులో విమానాల మోత ఒకటి. 2008 మార్చిలో హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి శంషాబాదుకు తరలినవి. 2023 మేలో విజయనగరం జిల్లా భోగాపురమున కొత్త విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. ఇట్టి చోట్ల కాపురముండు కుటుంబములు “మా ఆరోగ్యము ఏమగును?” అని అడుగుట సహజము.

అట్టి ప్రాంతముల నుండి వచ్చు రోగులు చెప్పుకొను బాధలు దాదాపు ఒకే తీరున ఉండును: నడిరేయి ఉలిక్కిపడి మేలుకొనుట, మరల నిద్ర పట్టకపోవుట, ఉదయము తల బరువు, మలబద్ధము, గుండెదడ, చిన్న మాటకే చిరాకు. ఇవన్నియు వాతప్రకోప లక్షణములే.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

శబ్దము ఆకాశ మహాభూతము యొక్క గుణము. దానిని గ్రహించునది శ్రోత్రేంద్రియము. వాతమునకు ముఖ్య స్థానములలో చెవి ఒకటి. ఉరుములు, భేరీధ్వనుల వంటి మిక్కిలి పెద్ద శబ్దములను అధికముగా వినుట శబ్దమునకు అతియోగము. ఇది అసాత్మ్యేంద్రియార్థ సంయోగము అను రోగకారణము క్రిందికి వచ్చును. మనము నిద్రించునపుడు కన్నులు మూసుకొనును గాని చెవులు మూసుకొనవు. శబ్దము తగిలినంతనే గుండె వేగము, రక్తపోటు పెరుగునని నేటి పరిశోధకులు కూడ గమనించినారు. ఐరోపాలోని ఆరు విమానాశ్రయముల చుట్టు నివసించు వారిని పరీక్షించి 2008లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, రాత్రి విమానాల ధ్వని 10 డెసిబెల్స్ పెరిగినచో అధిక రక్తపోటు అవకాశము సుమారు 14 శాతము హెచ్చినది.

“కొన్నాళ్లకు అలవాటగును గదా!” అని కొందరందురు. అలవాటు వలన సరిపడుటను మన శాస్త్రము ఓకసాత్మ్యము అన్నది. ఇచట అది సగమే వర్తించును. మనస్సు మోతను గుర్తించుట మానవచ్చును; మేలుకొనుట కొంత తగ్గవచ్చును. కాని గుండె స్పందన అంత సులభముగా అలవాటు పడదు. కావున “నాకేమియు వినబడుట లేదు” అనువారు కూడ రక్తపోటును అప్పుడప్పుడు చూపించుకొనవలెను.

పసివారి మాట

1992 మేలో జర్మనీలోని మ్యూనిక్ నగరమున పాత విమానాశ్రయము మూతపడి కొత్తది వేరొకచోట తెరువబడినది. పరిశోధకులు రెండు చోట్లా బాలబాలికలను ముందును, తరువాతను పరీక్షించిరి. కొత్త విమానాశ్రయము సమీపమున పిల్లల జ్ఞాపకశక్తి, పఠనశక్తి తగ్గినవి. పాతదాని వద్ద మోత ఆగిన పిమ్మట అవి మెరుగుపడినవి. కీడు కలుగుట నిజమే. కారణము తొలగినచో అది తగ్గుటయు నిజమే.

ఎంత ధ్వని మేర?

మన దేశమున 2000 నాటి శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. విమానాశ్రయ ధ్వని మండలములకు 2018లో వేరు ప్రమాణములు నిర్ణయించినారు: రద్దీ గలవానికి పగలు 70, రాత్రి 65, తక్కినవానికి 65, 60. విమానాల ధ్వని రాత్రివేళ 40 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరము ఐరోపా దేశములకు సూచించినది. పది డెసిబెల్స్ పెరిగినచో మన చెవికి మోత దాదాపు రెట్టింపైనట్లు తోచును. ఈ అంకెలు సగటులని కూడ గ్రహింపవలెను. నిద్రించు వానిని మేల్కొలుపునది సగటు కాదు, నెత్తిమీదుగా పోవు ఒక్కొక్క విమానము.

ఇంటిలో చేయదగినవి

1. రాత్రి పరుండుటకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లను, మాడును పది నిమిషములు మృదువుగా మర్దన చేయవలెను.

2. భోజనము నిద్రకు రెండు గంటల ముందే ముగింపవలెను. తరువాత గోరువెచ్చని గేదె పాలు ఒక గ్లాసు త్రాగవచ్చును. మధుమేహులు చక్కెర కలుపరాదు.

3. సాయంకాలము తరువాత కాఫీ, టీలు మానవలెను.

4. విమానములు పోవు దిక్కునకు ఎదురు పక్కనున్న గదిని పడకకు వాడుకొనవలెను. కిటికీల సందులు మూయవలెను. వీలైనవారు రెండు అద్దముల కిటికీలు పెట్టించుకొనవచ్చును. చెవిలో పెట్టు దూది మోతను అంతగా ఆపదు. మెత్తని ఇయర్ ప్లగ్గులు మేలు.

5. వైద్యుడు చెవులను పరీక్షించి సమ్మతించినచో కర్ణపూరణము చేయించుకొనవచ్చును. చీము కారు చెవిలో, కర్ణభేరికి రంధ్రము గల చెవిలో నూనె చుక్క కూడ వేయరాదు.

రక్తపోటుకు మందులు వాడువారు వీనిని నమ్ముకొని ఆ మందులు మానరాదు.

నిదాన పరివర్జనము

ఏ చికిత్సకైనను మొదటి మెట్టు కారణమును తొలగించుట. పై ఉపాయములు బాధను తగ్గించును గాని మోతను ఆపజాలవు. కావున ఇరుగుపొరుగువారు కలిసి, ఏ రాత్రి ఏ గంటకు ఎన్నిమార్లు మేలుకొనిరో ఒక నెలపాటు పుస్తకమున వ్రాసి, దానితో విమానాశ్రయ అధికారులకును, కాలుష్య నియంత్రణ మండలికిని విన్నవింపవలెను. కొత్త విమానాశ్రయములకు 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము జరుగు ప్రజాభిప్రాయ సేకరణకు తప్పక వెళ్లి, రాత్రి విమానముల వేళలను, బడుల రక్షణను గూర్చి అడుగవలెను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుండి రాత్రి 11 మొదలు ఉదయము 5 వరకు సాధారణ విమానముల రాకపోకలను నిలిపినారు. అక్కడి న్యాయస్థానము కూడ 2012లో దానిని సమర్థించినది. ఇట్టి కోరిక అసాధ్యమైనది కాదు. పసివారు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇండ్లవారు ఈ విషయమున ముందు నడువవలెను.