కోకాపేటకు మెట్రో: ఎవరి ఆమోదం కావాలి?

హైదరాబాద్ మెట్రో తొలి దశ 2017 నవంబరు 28న ప్రారంభమైంది. పూర్తయ్యాక దాని పొడవు సుమారు 69 కి.మీ.

రెండో దశ, ముఖ్యాంశాలు
• రాష్ట్ర మంత్రివర్గ ఆమోదం: 2024 అక్టోబరు
• కారిడార్లు 5, పొడవు 76.4 కి.మీ., అంచనా వ్యయం రూ.24,269 కోట్లు
• ప్రతిపాదిత వాటాలు: రాష్ట్రం 30%, కేంద్రం 18%, రుణాలు 48%, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం 4%
• రాయదుర్గం–కోకాపేట నియోపొలిస్: 11.6 కి.మీ. (5వ కారిడార్)

పోల్చి చూడండి: అమెరికాలో చాలాచోట్ల రవాణా పన్నుపై ఓటర్లే తీర్పు చెబుతారు. అట్లాంటా శివారులోని గ్విన్నెట్ కౌంటీ 2019, 2020, 2024లలో ప్రతిపాదనలను తిరస్కరించింది. మన దగ్గర ప్రజాభిప్రాయ ఓటింగ్ లేదు. కేంద్రం వాటా కోరే ప్రాజెక్టులకు 2017 మెట్రో రైలు విధానం వర్తిస్తుంది కాబట్టి, రాష్ట్రంతో పాటు కేంద్రం ఆమోదం కూడా కావాలి. ఈ తేడాను పోటీ పరీక్షల అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి.