పాటల పెట్టె

ఆ ఇంట్లో రెండు స్పీకరు పెట్టెలున్నాయి. 1989లో మామ దుబాయి నుంచి తెచ్చాడు. మామ ఇప్పుడు లేడు. ఒక పెట్టెలో పాట గరగరమంటోంది. పాతసామాన్లతను తూకానికి అడిగాడు.

"ఆగు" అంది అత్త.

కోడలు ప్లగ్గు పీకింది. పెట్టె ముందున్న గుడ్డ తీసింది. లోపల పెద్ద స్పీకరు ఉంది. దాన్ని ఊఫరు అంటారు. డప్పు మోత దాన్లోంచే వస్తుంది. నల్లని అట్ట బాగానే ఉంది. అట్ట చుట్టూ ఉన్న స్పాంజి అంచు మాత్రం వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. గాలికి, తేమకి స్పాంజి చివికిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్లకు ఇంతే. వాడకుండా దాచినా ఇంతే! రబ్బరు అంచు ఎక్కువ కాలం ఆగుతుంది.

కోడలు అట్టను నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కింది. రాసుకున్న చప్పుడు రాలేదు. లోపలి రాగితీగ చుట్ట బాగున్నట్టే. అది కాలిపోతే అంచు మార్చినా లాభం లేదు.

రిపేరు షాపులో పాత స్పాంజి గీకేశారు. అదే కొలత కొత్త అంచు బంకతో అతికించారు. అట్ట సరిగ్గా నడిమధ్యన నిలవాలి. పక్కకి జరిగితే చుట్ట రాసుకుంటుంది. ఒక రోజు ఆరనిచ్చారు.

పాట మళ్లీ వినబడింది.

"రెండోది కూడా విప్పి చూడమ్మా" అంది అత్త. "రెండూ ఒకే ఈడువి కదా!"