తోటలో చెక్కతో ధ్యాన కుటీరం: చెదలు, వాన, గాలి ముందే లెక్కలో వేసుకోండి

పై వీడియోలో మీరు చూసింది మా రెండో కుటీరం. మొదటిది మీకు చూపించలేను, అది రెండో వానాకాలంలోనే ఒరిగిపోయింది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఊళ్లోంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి అందులో కూర్చునేవారు. నిట్రాడు రాత్రిపూట విరిగింది కాబట్టి సరిపోయింది, ఇంకో నాలుగు గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో! అందుకే ఈసారి అందం సంగతి తర్వాత, నిలబడే సంగతి ముందు చెప్తాను.

అడవిలో కట్టుకుందాం అని చాలామందికి ఉంటుంది. ఫారెస్టు భూమిలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అటవీయేతర పని ఏదీ చేయకూడదు, 1980 అటవీ సంరక్షణ చట్టం అదే చెప్తుంది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. "ఎవరి పేరు మీదో రాయించుకుంటాం" అనేవాళ్ల మాట వినకండి. సొంత పట్టా భూమిలో, మనం పెంచిన చెట్ల మధ్యే కట్టుకుందాం. పెద్ద చెట్టు కొట్టాలంటే వాల్టా కింద అనుమతి అడగండి. వెదురుకి మాత్రం వెసులుబాటు ఉంది. అడవి బయట పెంచిన వెదురుని 2017 సవరణతో 'చెట్టు' నిర్వచనం నుంచి తీసేశారు.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. మొదటిసారి సరుగుడు గుంజలు రెండడుగుల లోతు గుంటల్లో పాతి మట్టి దట్టించాను. కుటీరం చుట్టూ చేలో వేసినట్టే ఎండాకులతో, వరిగడ్డితో ఆచ్ఛాదన కూడా వేశాను, పచ్చగా, చల్లగా ఉంటుందని. మా వడ్రంగి బాబాయి అప్పుడే అన్నాడు, "బాబూ, కర్ర మట్టిలో పెడితే చెదలకి మేత పెట్టినట్టే" అని. డిప్లొమా చదివినవాణ్ణి కదా, వినలేదు. ఆచ్ఛాదన కింద ఉండే తేమ, చీకటి, ఎండుగడ్డి చెదలకు కావలసినవే. చేలో అవి గడ్డిని కుళ్లబెట్టి మనకి మేలే చేస్తాయి. కానీ గడ్డి అయిపోయాక పక్కనున్న గుంజని వదలవు కదా. పైకి గుంజ బాగానే కనిపించింది, మట్టిలోపల మాత్రం వేలు పెడితే పొడి రాలింది.

రెండోసారి ఒక్క కర్ర కూడా నేలని తాకలేదు. 12 అడుగులకి 12 అడుగుల కుటీరం, ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు. దీనికి తొమ్మిది రాళ్లు వేశాం, ఒక్కోటి నేలపైన రెండడుగులు. రాయికి తొలిచి ఇనుప ఊచ దింపి, దాని మీద గుంజ కూర్చోబెట్టాం. గుంజ అడుగున నీరు నిలవకుండా చూసుకోండి. చెదలు రాయి ఎక్కాలన్నా మట్టి గొట్టం కట్టుకునే ఎక్కాలి, అది కంటికి కనిపిస్తుంది. వారానికోసారి చుట్టూ తిరిగి చూసి, కనిపిస్తే గీకేస్తే చాలు. ఆచ్ఛాదన కనీసం ఆరడుగుల దూరంలో ఆపేశాను. వేసవిలో నిప్పు భయం ఉంటే ఇంకా దూరం ఊడ్చుకోండి. రాళ్లు విడివిడిగా ఉండటం వల్ల ఇంకో లాభం, పునాది కందకం తవ్వి చెట్ల వేర్లు నరకనక్కర్లేదు.

వాసాలకి, దబ్బలకి వెదురు వాడాం. మూడు నాలుగేళ్ల బొంగే కోయండి. లేత బొంగు మీద తెల్లటి బూడిదలాంటి పొర, కణుపుల దగ్గర తొడుగులు ఉంటాయి. ముదిరినదానిపై మచ్చలు పడి, తడితే గట్టిగా మోగుతుంది. వానలు వెనకపట్టాక, నవంబరు నుంచి జనవరి లోపల కోస్తే పిండిపదార్థం తక్కువ ఉండి పుచ్చు పురుగు అంతగా పట్టదు. పాతరోజుల్లో చెరువు నీళ్లలో రెండు మూడు నెలలు నానేసేవారు, పిండి కొట్టుకుపోయేది. అంత ఓపిక లేకపోతే 100 లీటర్ల నీటికి 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, బొంగు లోపలి కణుపు గోడలు పొడవాటి ఊచతో పొడిచి, రెండు వారాలు నానబెట్టండి. తర్వాత నీడలో నెలరోజులు ఆరనివ్వాలి. "ప్రకృతి వ్యవసాయంలో ఇదేంటి" అంటారా? నాకూ ఇష్టం లేదు. కానీ ఏడాదికోసారి వెదురు మార్చడం కంటే ఇదే నయం అనిపించింది. మిగిలిన నీళ్లు కాలవలోకి, చేపల చెరువులోకి మాత్రం వదలకండి. ఈ మందు వానకి కడుక్కుపోతుంది, కాబట్టి వెదురుని తడవనివ్వకూడదు. చూరు మూడడుగులు బయటికి దింపడానికి కారణం అదే.

గోడలు వెదురు తడికలు, మీద ఎర్రమట్టి, పేడ మెత్తాం. పైకప్పు మీ ఇష్టం. తాటాకు చల్లగా ఉంటుంది కానీ కొన్నేళ్లకోసారి మార్చాలి, పెంకు బరువు కాబట్టి వాసాలు దగ్గరగా వేయాలి. దేనికైనా మూలల్లో ఏటవాలు కర్రలు తప్పనిసరి. చాలామంది వదిలేసేది ఇదే. నిలువు గుంజలు, అడ్డ దూలాలు మాత్రమే ఉంటే గాలివానకి చట్రం మొత్తం పక్కకి ఒరుగుతుంది.

ఎండిన కొమ్మలున్న పెద్ద చెట్టు కింద, కొబ్బరిచెట్టు కింద కట్టకండి. కళ్లు మూసుకుని కూర్చున్నవాడికి పైనుంచి ఏం రాలుతుందో తెలీదు.

మాస్టారు మళ్లీ వస్తున్నారు. మొదటిరోజు లోపలికి వెళ్లకముందు కుటీరం చుట్టూ తిరిగి, తొమ్మిది రాళ్లూ వంగి చూశారు. ఏటవాలు కర్రలు బిగించడం వీడియో చివర్లో ఉంది, పని మొదలుపెట్టకముందే అది ఒకసారి చూడండి.